గొంతు లేని జ్ఞాపకం

"నేనే చంపానండీ. ఇప్పుడు బాగా గుర్తొచ్చింది," అన్నాడు మేనల్లుడు. పోయిందనుకున్న వస్తువు దొరికిన మనిషి మొహంలా ఉంది అతని మొహం.

ఎదురుగా కూర్చున్న ఇన్‌స్పెక్టర్ కలం కింద పెట్టింది. డిపార్టుమెంటులో ఆమెను అందరూ నత్త అంటారు. మొహం మీదే అంటారు. మిగతావాళ్ళు పూటలో తేల్చే కేసు ఆమె చేతిలో పడితే వారాల తరబడి పాకుతుందని ఎగతాళి. ఆ పేరుకు నొచ్చుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. కానీ ఈ రోజు తీరిగ్గా పాకడానికి వ్యవధి లేదు. మధ్యాహ్నం మూడింటికి ఇతన్ని మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. అక్కడ కూడా ఇదే మాట అన్నాడంటే ఇక బతుకంతా జైల్లోనే.

చచ్చిపోయింది ఇతని మేనత్త. ఒత్తిడికీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేసే ల్యాబుకు ఆమె పెద్ద డాక్టర్. ఇతను అక్కడే టెక్నీషియన్. నాలుగు రోజుల కిందట ఆమె ప్రయోగాల గదిలో శవమై దొరికింది. ఆ గదిలోంచి చప్పుడు బయటికి పోదు, బయటి చప్పుడు లోపలికి రాదు. ఆమెకు ఉబ్బసం. ఇన్‌హేలర్ లేకుండా గడప దాటని మనిషి. ఆ రోజు తలుపుకి బయట గడియ వేసి ఉంది, ఇన్‌హేలర్ మాత్రం మాయమైంది. ముందురోజే మేనల్లుడిని పనిలోంచి తీసేస్తానని అందరి ముందూ కేకలేసిందట. పోలీసులకు ఆ మాట చాలింది.

"అత్తయ్య పోయిన సమయానికి ఇంట్లో నిద్రపోతున్నానని మొదటి రెండు రోజులూ చెప్పావు కదా?" అంది నత్త.

"మర్చిపోయానండీ. మరీ ఒత్తిడి కలిగించే సంగతుల్ని మనసు దాచేస్తుందట. నెమ్మదిగా వెతికితే దొరుకుతాయట."

"ఎవరన్నారు?"

"మా ల్యాబులో చిన్న డాక్టరుగారు. ఆయనే రెండు రాత్రులు నా పక్కన కూర్చుని వెతికించారు. ఆయన లేకపోతే నాకు ఎప్పటికీ గుర్తొచ్చేది కాదు."

అతని కళ్ళ కింద నల్లటి చారలు. అరెస్టు చేసిన దగ్గర్నుంచి సరిగ్గా కునుకు తీసినట్టు లేడు. నత్త మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది.

"సరే. ఆ గదిలో ఏం చూశావో చెప్పు."

అడగడమే ఆలస్యం, కళ్ళు మూసుకున్నాడు. ఎవరో నేర్పినట్టుగా రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"అత్తయ్య కుర్చీలో ఉంది. నేను ఎదురుగా నిలబడ్డాను. ఇన్‌హేలర్ నా చేతిలో ఉంది. అత్తయ్య చెయ్యి చాచింది, నేను ఇవ్వలేదు. నోరు తెరిచి అడుగుతోంది. మాట వినపడలేదు. టీవీకి సౌండ్ ఆపేసినట్టు ఉంది. పక్కన బల్ల, బల్ల మీద ఐసు నీళ్ళ బకెట్టు. దాని మీద నీలం తువ్వాలు. కుర్చీ చేతికి తోలు చిరిగింది. గోడ మీద గడియారం."

"నీ కాళ్ళకు ఆ రోజు ఏం వేసుకున్నావు?"

కళ్ళు తెరిచాడు. "అది... తెలీదండీ."

"గదిలోకి వచ్చేముందు ఎక్కడున్నావు?"

"అది ఇంకా రాలేదు."

"గడియ ఏ చేత్తో వేశావు?"

"అది కూడా రాలేదండీ. వస్తుందన్నారు డాక్టరుగారు. కంగారు పడొద్దన్నారు."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో భయపడినవాళ్ళను నత్త చాలామందిని ప్రశ్నించింది. పొట్టకు కత్తి ఆనించిన దొంగ గురించి చెప్పమంటే కత్తి మొన గురించి గంటసేపు చెబుతారు, వాడు వేసుకున్న చొక్కా రంగు చెప్పలేరు. భయం ఒక్కచోటే దీపం పెట్టి చుట్టూ చీకటి చేస్తుంది. ఇతనికి మాత్రం చిరిగిన తోలు దగ్గర్నుంచి తువ్వాలు రంగు దాకా అన్నీ ఒకే వెలుగులో కనిపిస్తున్నాయి. కనిపించనిదల్లా తన సంగతే.

తలుపు దబ్బున తెరుచుకుంది. స్పెషల్ స్క్వాడ్ ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. డిపార్టుమెంటులో అతనికి పిడుగు అని పేరు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో శిక్షణ పొందారు, అప్పటినుంచీ ఒకరంటే ఒకరికి పడదు.

"అయిందా పరామర్శ?" అన్నాడు పిడుగు. "నా కేసులో వేలు పెట్టమని ఎవరు చెప్పారు నీకు?"

"పైనుంచి చెప్పారు. మూడింటి దాకా చూడమన్నారు."

"చూడ్డానికేముంది? వాడే ఒప్పుకున్నాడు. చెయ్యి చేసుకోలేదు, తిట్టలేదు. ఈసారి సైంటిఫిక్‌గా చేశాం. నిపుణుణ్ణి పిలిపించి పక్కన కూర్చోబెట్టాను."

"నిద్ర పోనిచ్చావా?"

పిడుగు జవాబు దాటేశాడు. "ఒప్పుకున్నవాడి మీద నీకెందుకంత జాలి?"

"జాలి కాదు. అతనికి బకెట్టు మీద తువ్వాలు గుర్తుంది, తన కాళ్ళు గుర్తులేవు. ఇతను లేని జ్ఞాపకం ఇతని తలలో ఎందుకుందా అని ల్యాబుకెళ్ళి చూస్తాను."

"నీకు మతిపోయింది," అన్నాడు పిడుగు. "నేనూ ల్యాబుకి వస్తాను. నువ్వు అక్కడ ఏం పాడుచేస్తావో నా కళ్ళతో చూడాలి."

వరండాలో బెంచీ మీద మేనల్లుడి భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో ఇస్త్రీ చొక్కా. కోర్టుకు వేసుకోవడానికి తెచ్చింది. నత్తను చూసి లేచి నిలబడింది.

"మేడమ్, ఆయన కోపంలో గ్లాసు కూడా పగలగొట్టి ఎరగరు. ఆ రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పక్క మీద దుప్పటి ముసుగు తన్ని పడుకుని ఉన్నారు. నిన్న నేను ఆ మాటంటే నాకే సర్దిచెప్పారు, నన్ను నువ్వు సరిగ్గా ఎరగవు అని." ఆమె చొక్కా మడత మీద చెయ్యి రాసింది. "నేను ఎరగని మనిషితోనా ఇన్నాళ్ళూ కాపురం చేసింది?"

నత్త మూడింటిలోపు వస్తానని మాత్రం చెప్పి మెట్లు దిగింది.

* * *

ల్యాబులో చిన్న డాక్టర్ వాళ్ళను గుమ్మం దగ్గరే కలుసుకున్నాడు. మెత్తటి మాట, మెత్తటి నడక, ఉతికిన తెల్లకోటు. అడగకుండానే కుర్చీలు వేయించాడు.

ప్రయోగాల గది చిన్నది. గోడలకూ కప్పుకూ దళసరి స్పాంజి పలకలు అంటించి ఉన్నాయి. మధ్యలో చేతి దగ్గర తోలు చిరిగిన కుర్చీ, బల్ల, బకెట్టు, మడత పెట్టిన నీలం తువ్వాలు. గోడ మీద గడియారం. మేనల్లుడు ఒక్కటీ తప్పు చెప్పలేదు. కుర్చీకి ఎదురుగా గోడంతా పరుచుకున్న పెద్ద అద్దం.

"దీనివెనక ఏముంది?" అంది నత్త.

"పరిశీలన గది. అక్కణ్ణుంచి చూస్తే ఇది గాజు పలక, ఇక్కణ్ణుంచి చూస్తే అద్దం." డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు. "ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళ చెయ్యి ఐసు నీళ్ళలో పెట్టిస్తాం. ఒళ్ళు ఒత్తిడికి లోనవుతుంది. తర్వాత నోట్లో దూది పెట్టి ఉమ్మి తీస్తాం. కార్టిసాల్ అనే ఒత్తిడి రసాయనం ఎంత పెరిగిందో అందులో తెలుస్తుంది. ఈలోపు అద్దం వెనకున్న మనిషి మొహం చూసి ఒత్తిడికి మార్కులు వేస్తాడు."

"దానికీ జ్ఞాపకానికీ సంబంధం ఏమిటి?" అన్నాడు పిడుగు. తనకు తెలుసన్నట్టే అడిగాడు.

"భయం వేస్తే మెదడులో బాదం గింజంత భాగం ఒకటి ఉలిక్కిపడుతుంది సార్. ఇది ముఖ్యం, దాచిపెట్టు అని పక్కనున్న జ్ఞాపకాల అరను తొందరపెడుతుంది. అందుకే భయపడిన క్షణం చెరగదు. కానీ ఆ ఒత్తిడి రోజుల తరబడి సాగిందనుకోండి, అదే రసాయనం ఆ అరను మొద్దుబారుస్తుంది. ఏది జరిగిందో ఏది విన్నదో తేడా తెలియదు."

"నిద్ర లేకపోతే?" అంది నత్త.

"మరీ ఘోరం."

"జ్ఞాపకాన్ని మళ్ళీ మళ్ళీ తవ్వితే?"

డాక్టర్ నవ్వాడు. "బయటికి తీసిన ప్రతిసారీ మెత్తబడుతుంది మేడమ్. తిరిగి లోపల పెట్టేటప్పుడు చేతికి అంటుకున్నవి కూడా దాంతోపాటు లోపలికి పోతాయి. అందుకే మేం చాలా జాగ్రత్తగా అడుగుతాం."

"మీ ఇద్దరి పేర్లతో వచ్చిన పరిశోధన ఒకటి వెనక్కి తీసుకోవాలని పెద్ద డాక్టర్ పోయిన వారం ఉత్తరం రాసిందట. అంకెలు వండినవని."

"పెద్దావిడకు చాదస్తం ఎక్కువ. మాట్లాడుకుని సర్దుకునేవాళ్ళం." అతని మొహంలో ఏ మార్పూ లేదు.

పరిశీలన గది తలుపుకు తాళం కప్ప లేదు, వేలు ఆనించే పలక ఉంది.

"ఇది ఎవరి వేలికి తెరుచుకుంటుంది?"

"పెద్దావిడ వేలికి, నా వేలికి. మార్కులు వేసింది మేమిద్దరమే."

"టెక్నీషియన్‌కి?"

"అబ్బే. వాళ్ళు లోపలికి రాకూడదు."

నత్త వాచీ చూసుకుంది. ఒంటిగంట దాటింది. "నేను ఆ కుర్చీలో కూర్చుంటాను. మీరిద్దరూ అద్దం వెనక నిలబడి నన్ను చూడండి. కాసేపటికి పిడుగు వచ్చి తలుపు తియ్యాలి. మరిచిపోకు."

"ఇదేం ఆట?" అని గొణుగుతూనే పిడుగు బయటినుంచి గడియ వేశాడు.

తలుపు మూసుకోగానే నత్తకు చెవులు దిబ్బడ వేసినట్టయింది. తర్వాత ఒక్కొక్కటే చప్పుళ్ళు మొదలయ్యాయి. వాచీ ముల్లు టకటకలాడింది. చీర కుచ్చిళ్ళు కదిలితే గరగరమంది. మింగిన ఉమ్మి కూడా వినపడింది. ఆమె గుండె చెవిలో కొట్టుకుంటోంది. ఎదురుగా అద్దంలో తను తప్ప ఎవరూ లేరు. వెనక ఎవరున్నారో, అసలు ఉన్నారో లేదో తెలియదు. తలుపుకి లోపల పిడి లేదు. ఆ సంగతి ముందే చూసింది, అయినా ఇప్పుడు అరచేతులు చెమట పట్టాయి. ఒక ఆడమనిషి ఈ కుర్చీలో ఊపిరాడక ఈ అద్దం వైపు చెయ్యి చాచి ఉంటుంది. అద్దంలో ఆమెకు కనిపించింది తన మొహమే అయి ఉంటుంది. నత్తకు ఏడుపొచ్చినంత పనైంది.

నిబ్బరించుకుని అద్దం వైపు తిరిగింది. స్పష్టంగా, గట్టిగా మాట్లాడింది. "పిడుగు అనబడే ఈ మహానుభావుడికి బుర్ర అరికాల్లో ఉంది. శిక్షణలో కూడా నా జవాబులు చూసి రాసే పాసయ్యాడు. ఆ సంగతి ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నాను. ఈ కేసు ఓడిపోతే వాడి పై అధికారికే చెప్పేస్తాను."

అని కూర్చుంది. ఈ మాట వింటే పిడుగు తలుపు బద్దలు కొట్టుకుని వస్తాడు. రాలేదు. క్షణాలు సాగుతున్నాయి. తలుపు తెరుచుకోకపోతే ఏం చెయ్యాలో ఆమె ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సింది. చివరికి గడియ చప్పుడైంది.

పిడుగు మామూలుగా వచ్చాడు. అతని వెనక డాక్టర్.

"నేనేమన్నాను?" అంది నత్త.

"నాకేం తెలుసు? నోరు కదులుతోంది అంతే, మాట వినపడలేదు. టీవీకి సౌండ్..." పిడుగు నోరు అక్కడే ఆగిపోయింది.

అతని మొహంలో రంగు మారడం నత్త చూసింది. అతను తొందరపాటు మనిషే కానీ తెలివితక్కువవాడు కాదు.

"అద్దం వెనక గదిలో స్పీకర్ లేదా?" అంది.

"ఉంది. లోపలికెళ్ళి కూర్చోగానే ఈయన ఆపేశాడు."

"ఎందుకు ఆపారు?" అని డాక్టర్ని అడిగింది.

"అది మా పద్ధతి మేడమ్. మొహానికి మార్కులు వేసేవాడు గొంతు వినకూడదు. అరుపు వింటే మార్కు ఎక్కువ పడిపోతుంది. పెద్దావిడ పెట్టిన నియమమే. ఏళ్ళ తరబడి అలవాటై కూర్చోగానే చెయ్యి దానంతట అదే..." డాక్టర్ చటుక్కున మాట మింగేశాడు.

"మేనల్లుడు గదిలో నిలబడ్డానంటున్నాడు," అంది నత్త. "ఈ గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. ఉబ్బసం మనిషి ఊపిరికోసం కొట్టుకుంటుంటే చెవులు హోరెత్తాలి. అతని జ్ఞాపకంలో చప్పుడే లేదు. ఈ గదిలో జరిగేది చప్పుడు లేకుండా కనిపించే చోటు ఒక్కటే, అద్దం వెనక. అక్కడికి వెళ్ళగలిగినవాళ్ళు ఇద్దరు. ఒకావిడ ఈ కుర్చీలో ఉంది. ఆవిడ చచ్చిపోతుంటే కూడా మీరు ఇన్‌హేలర్ చేతిలో పట్టుకుని, అలవాటుగా స్పీకర్ ఆపి చూశారు. చూసింది మర్చిపోలేకపోయారు. అతనికి కథ అల్లేటప్పుడు మీ కళ్ళకు కనిపించిందే పెట్టారు."

డాక్టర్ కోటు జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు. తొణకలేదు.

"కథ బాగుంది. కానీ నేను అతనికి ఏమీ చెప్పలేదు. కళ్ళు మూసుకో, ఏం కనిపిస్తోంది అని మాత్రమే అడిగాను. కావాలంటే అతన్నే అడగండి."

"రికార్డు చేశావు కదా?" అంది నత్త పిడుగుతో.

పిడుగు తల వంచుకున్నాడు. "మనసు తేలిగ్గా ఉండాలి, యంత్రాలు వద్దన్నాడు. నన్ను కూడా బయటికి పంపాడు."

"అతన్నే అడగండి," అన్నాడు డాక్టర్ మళ్ళీ, మర్యాదగా. "మూడింటికి మేజిస్ట్రేట్‌గారు ఎలాగూ అడుగుతారు."

* * *

ల్యాబులో డాక్టర్‌కి ఇద్దరు కానిస్టేబుళ్ళను కాపలా పెట్టి పిడుగు జీపు తీశాడు. కోర్టులో నిందితుల గదికి వాళ్ళు చేరేసరికి మేనల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే భార్య.

పిడుగు నేరుగా వెళ్ళి అతని ముందు నిలబడ్డాడు. "నువ్వు చెయ్యలేదయ్యా. నేను చెబుతున్నాను. ఆ డాక్టర్ నీ బుర్రలో పెట్టాడు అదంతా."

మేనల్లుడు ఆశ్చర్యంగా చూశాడు. "మీరే కదా సార్, చేశావు చేశావు అని రెండు రోజులు చెప్పింది?"

పిడుగు వెనక్కి జరిగి గోడ పక్కన నిలబడ్డాడు.

"డాక్టరుగారు నాకేం చెప్పలేదండీ. నాకే గుర్తొచ్చింది. నాకు కనిపిస్తోంది," అన్నాడు మేనల్లుడు. "తప్పు చేసి ఇంకొకరి మీదకు నెట్టమంటారా?"

భార్య నత్త వైపు చూసింది. ఇంకెవరి వైపు చూడాలో ఆమెకు తెలియడం లేదు. నత్త అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. తవ్విన ప్రతిసారీ జ్ఞాపకానికి చేతులకున్నది అంటుకుంటుందన్నాడు డాక్టర్. ఇప్పుడు తను అడిగినా ఆ అబద్ధం ఇంకొంచెం గట్టిపడుతుందేమో. ఆ భయం ఆమెకు నిజంగానే కలిగింది. కానీ అడగకపోతే ఇంకాసేపట్లో అంతా అయిపోతుంది. అందుకని ఆ గది మాట ఎత్తలేదు.

"మీ అత్తయ్యకి ఉబ్బసం ఎప్పటినుంచి?"

"నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఉందండీ. అమ్మ పోయాక నేను అత్తయ్య దగ్గరే పెరిగాను. పక్క గదిలో పడుకునేవాణ్ణి."

"ఆయాసం వస్తే నీకు తెలిసేదా?"

"తెలియకపోవడమేమిటండీ. మొదట సన్నగా ఈల వేసినట్టు వచ్చేది. తర్వాత పిల్లి గుర్రుమన్నట్టు. ఆ ఈల మొదలైతే చాలు, ఎంత నిద్రలో ఉన్నా నాకు మెలకువ వచ్చేసేది. పరిగెత్తుకెళ్ళి ఇన్‌హేలర్ నోటికి అందించేవాణ్ణి. నీకు కుక్క చెవులురా అని నవ్వేది."

"ఆ ఈల ఇప్పుడు తలుచుకుంటే వినపడుతోందా?"

"వినపడుతోందండీ." చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. "ఇక్కడ వినపడుతోంది."

"సరే. ఇప్పుడు నువ్వు చెప్పే ఆ గదిలోకి వెళ్ళు. ఏం కనిపిస్తోందో నాకు చెప్పక్కర్లేదు. ఊరికే విను."

మేనల్లుడు కళ్ళు మూసుకున్నాడు. కనురెప్పల కింద గుడ్లు అటూ ఇటూ కదిలాయి. భార్య అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. పిడుగు గోడకు చేరగిలబడి నేల చూస్తున్నాడు.

"లేదు," అన్నాడు చాలాసేపటికి. "ఈల లేదండీ. అత్తయ్య నోరు తెరుచుకునే ఉంది, కానీ ఆయాసం లేదు. అలా ఎలా ఉంటుంది? అత్తయ్యకి ఇందులో ఆయాసం లేదు."

"నువ్వు అక్కడ ఉంటే వినేవాడివి. వింటే ఏం చేసేవాడివి?"

"ఇచ్చేసేవాణ్ణి," అన్నాడు వెంటనే. తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. భార్య అతని తల దగ్గరికి తీసుకుంది. ఆమె కూడా ఏడుస్తోంది, కానీ ఆమె ఏడుపులో ప్రాణం లేచొచ్చిన సంతోషం ఉంది. పిడుగు మొహం తుడుచుకుని కిటికీ వైపు తిరిగాడు. నత్తకు పొద్దుటినుంచీ మోస్తున్న బరువు దిగినట్టయింది.

లోపలినుంచి గుమాస్తా పిలిచాడు. మేనల్లుడు లేచి నిలబడ్డాడు. భార్య అతని కాలరు సరిచేసింది.

"ఇదే మాట లోపల చెప్పు," అంది నత్త. "ఆయాసం లేదన్న సంగతి. అది చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

"చెబుతానండీ." రెండు అడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి నత్త కళ్ళలోకి చూశాడు. "నేను చెయ్యలేదని తెలిసిందండీ. కానీ అది పోవడం లేదు. కళ్ళు మూస్తే ఇన్‌హేలర్ ఇంకా నా చేతిలోనే ఉంది. అత్తయ్య చెయ్యి చాచే ఉంది."

అతని కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుని ఉంది.

"ఇద్దామని చూస్తున్నానండీ," అన్నాడు. "చెయ్యి రావడం లేదు."